పేరున్న చెక్కపలక

అక్టోబరు 14, 1984. ఫార్మింగ్టన్ హిల్స్

సాయంత్రం పక్కింటి జపాన్ ఆవిడ తమ ఇంట్లోని చిన్న చెక్క మందిరం చూపించింది. అందులో పేరు రాసిన పలక ఉంది. పుట్టకముందే పోయిన వాళ్ల పాపదట. ఇరవై ఏళ్లుగా రోజూ ఆ పేరు పిలిచి అన్నం పెడుతోంది. నా చేతికి అగరువత్తి ఇస్తే వెలిగించాను.

ఇంటికొచ్చి చెప్పగానే ఈయన ముఖం మాడిపోయింది.

"సంఘపెద్ద భార్యవి, విగ్రహాలకు ధూపం వేస్తావా రూతూ? పాస్టర్‌గారికి ఏమని ఎక్స్‌ప్లెయిన్ చేయను?"

"దేవుడికి కాదండీ, బిడ్డకి. మార్చిలో కడుపులోనే పోయిన మన బిడ్డకి పేరైనా పెట్టుకోలేదు."

ఆయన బైబిలు మూసి లేచారు. గుమ్మం దగ్గర ఆగి, అటు తిరిగే, "ఆడపిల్లా?" అన్నారు.

ఇన్ని నెలల్లో మా బిడ్డ గురించి ఆయన అడగడం ఇదే మొదటిసారి.