బాత్‌రూమ్ గోడకు రంగు వేయనివ్వకు

లవోన్ తల్లీ,

నన్ను డయాలసిస్‌కి తీసుకెళ్ళే బండి కింద వీధిలో హారన్ కొడుతోంది. ఇళ్ళు తనిఖీ చేసే సర్కారు ఇన్‌స్పెక్టర్ పదకొండింటికి వస్తాడు. నీ మంచం కిటికీకి అడ్డం లేకుండా జరుపు. చేపలు వేయించేటప్పుడు పొగ అలారంలోంచి తీసిన బ్యాటరీ మళ్ళీ పెట్టేశాను. బాత్‌రూమ్ గోడ మీది నల్లబూజు మాత్రం తుడవకు. ఏటా తనిఖీకి ముందు బిల్డింగ్ మేనేజర్ ప్రూయిట్ దాని మీద తెల్లరంగు పూయిస్తాడు. నెల తిరక్కుండానే చెమ్మ పైకొచ్చి నీకు ఆయాసం మొదలవుతుంది. ఈసారి రంగుడబ్బాతో ఎవరొచ్చినా తలుపు గొలుసు తీయకు.

నిన్న మెట్ల మీద ప్రూయిట్, "బిల్డింగ్ తనిఖీలో ఫెయిలైతే మూసేస్తారు, అందరూ తలో ఊరికి పోతారు ఆర్లీథా గారూ, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. "ముందు నా మనవరాలికి ఊపిరాడనీ నాయనా, ఊరి సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. పాత సర్కారు ఇళ్ళు కూల్చినప్పుడు మా అక్కను అలాగే వేరే ఊరికి పంపారు. చివరిచూపు కూడా దక్కలేదు. అందుకే రాత్రంతా నాకు నిద్ర లేదు. అయినా తుడవకు. నిబంధనల పుస్తకం నేనే కూడబలుక్కుని చదివాను. బూజు బాగుచేయించాల్సింది అద్దెకిచ్చినవాళ్ళే.

ఇంకో మాట. ఇన్‌స్పెక్టర్ ముందు దగ్గొస్తే, ఏటా చేసినట్టు నా పరువు కోసం ఆపుకోకు. గట్టిగా దగ్గు.

అమ్మమ్మ