ఆకలి రేవు మొసలి మా నాన్నే

డిస్కుల కంపెనీ వారికి,

నమస్కారం. ‘ఆకలి రేవు’ సినిమా డిస్కును రెండోసారి ముద్రిస్తున్నామని, మొదటి ముద్రణలో తప్పులుంటే ముందే తెలపమని మీరు పెట్టె వెనక వేశారు. తప్పు ఉంది. దానివల్ల మా ఇంట్లో గొడవైంది. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

పెట్టె మీద ఎర్రక్షరాలతో ‘ఇందులోనిది నిజమైన మొసలి, మనుషులను తినమరిగిన మొసలి’ అని వేశారు. కాదు. ఆ మొసలి మా నాన్న.

నాన్న పరుపులు కుట్టే మనిషి. నేను పుట్టక ముందు ఆ సినిమా వాళ్ళకు పరుపు గుడ్డ, రబ్బరు, దూది పెట్టి మొసలిని కుట్టి ఇచ్చారు. లోపల దూరడానికి ఎవరూ ఒప్పుకోకపోతే తనే దూరారు. కథానాయికను చూస్తూ మొసలి కదలకుండా చాలాసేపు ఉండిపోయే దృశ్యం ఉంది కదా, దాన్ని కుర్రకారు గుంపులుగా చేరి ఊపిరి బిగబట్టి చూస్తారట. నిజానికి అప్పుడు దూది నీళ్ళు తాగేసింది, నాన్న లేవలేకపోయారు. అంతే సంగతి.

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఈ మాట ఏనాడూ నమ్మలేదు. నాన్నను ‘మొసలి బావ’ అని వెక్కిరిస్తాడు. మొన్న మీ డిస్కు కొనుక్కొచ్చి, పెట్టె మీది వాక్యం అందరి ముందూ చదివి, “ఏం బావా, ఇప్పుడేమంటావు? కంపెనీ వాళ్ళే అచ్చేశారు!” అన్నాడు. నాన్న పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయనకు చదువు రాదు. మామయ్య వెళ్ళాక నన్ను పిలిచి ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి పెట్టెను తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

ఆ వాక్యం సరిచేయండి. మా నాన్న అబద్ధాలకోరు కాదు.

ఇట్లు,
పరుపులాయన కూతురు

తా.క. మామయ్య ఆ సినిమాను ఇప్పటిదాకా పూర్తిగా చూడలేదు. మొసలి కనిపించగానే మంచినీళ్ళు తాగాలంటూ లేచి వెళ్ళిపోతాడు.

*

కుమారి గారికి,

మీ ఉత్తరం అందింది. జంతువుల ప్రస్తావన ఉన్న ఉత్తరాలన్నీ మా కంపెనీలో జంతు విభాగానికే పంపుతారు. ఆ విభాగం అంటే నేనే.

మా చిత్రంలో నటించిన మొసలి మీ కుటుంబానికి చెందినదని తెలిసి సంతోషించాము. మీరు దాన్ని నాన్న అని పిలవడాన్ని తప్పుపట్టము. మా ఆవిడ మా కుక్కను పెద్దబ్బాయి అనే అంటుంది.

చిత్రం తీసినవారు ఇప్పుడు ఎవరూ లేరు. వారి ప్రచార కాగితాల్లో ‘నిజమైన మొసలి’ అనే ఉంది. కాబట్టి పెట్టె మీది వాక్యంలో మాకు తప్పు కనిపించలేదు. అయితే మా చిత్రాల్లో పనిచేసిన జంతువుల క్షేమం మా బాధ్యత. మొసలి ప్రస్తుతం ఎక్కడ ఉంటోంది, ఏం తింటోంది, షూటింగు వల్ల దాని ఆరోగ్యం ఏమైనా పాడైందా, తెలపగలరు.

మీ క్షేమం, మొసలి క్షేమం కోరుతూ,
జంతు విభాగం అధికారి

తా.క. మొసలి పరుపులు కుడుతుందని రాసినట్టున్నారు. చేతిరాత సరిగా తెలియలేదు.

*

అధికారి గారికి,

నమస్కారం. నా చేతిరాతకు బడిలో బహుమతి వచ్చింది. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ బహుమతి ఇంకా ముందుగది గోడకు వేలాడుతోంది. మీరు వచ్చి చూసుకోవచ్చు.

మొసలి మా పెంపుడు జంతువు కాదు. మా నాన్న మా నాన్నే. మీరు అడిగారు కాబట్టి జవాబు చెబుతున్నాను. ఆయన మాతోనే ఉంటున్నారు, ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద. పళ్ళు చాలావరకు ఊడిపోయాయి, అందుకని అన్నం మెత్తగా ఉడికించి పెడుతున్నాం. రోజంతా నీళ్ళలో నానినందుకు మోకాళ్ళు పట్టేశాయి.

రుజువు కావాలంటే మొసలి తోలు మా అటక మీదే ఉంది. తల చెక్కుచెదరలేదు. తోక మాత్రం లేదు. నేను పుట్టినప్పుడు అమ్మ దాన్ని కోసేసి దిండ్లు చేసింది.

వాక్యం సరిచేస్తారన్న ఆశతో,
పరుపులాయన కూతురు

తా.క. కావాలంటే మీకూ ఒక దిండు పంపుతాను. చాలా మెత్తగా ఉంటుంది.

*

కుమారి గారికి,

మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాము.

మొసలి కిటికీ పక్కన ఉందంటారు. దాని తోలు అటక మీద ఉందంటారు. తోలు ఒలిచిన ప్రాణిని మంచం మీద పడుకోబెట్టి అన్నం పెడుతున్నారా? పుట్టిన పాప కోసం దాని తోక కోశారా? పైగా మాకు దిండు పంపుతామంటున్నారా?

జంతు సంరక్షణ ఇన్‌స్పెక్టరును వచ్చే సోమవారం మీ ఇంటికి పంపిస్తున్నాము. ఆయన వచ్చేదాకా మొసలిని రెచ్చగొట్టకండి. ముఖ్యంగా అత్తవారింటి బంధువులను దాని దగ్గరకు పంపి వెక్కిరించనివ్వకండి.

తీవ్ర ఆవేదనతో,
జంతు విభాగం అధికారి

తా.క. దిండు పంపవద్దు. మా ఆవిడ మీ ఉత్తరం చదివి పెద్దబ్బాయిని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది.

*

అధికారి గారికి,

మీ ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఒక చేతిలో ఉచ్చు కట్టిన పొడవాటి కర్ర, ఇంకో చేతిలో వల, మోకాళ్ళదాకా బూట్లు. వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది. మామయ్య మంచినీళ్ళు తాగాలంటూ వెళ్ళిపోయాడు.

“మొసలెక్కడమ్మా?” అన్నారాయన, గడప దాటకుండానే.

నాన్న మంచం మీద లేచి కూర్చుని, “నేనేనండీ. రండి, కూర్చోండి” అన్నారు.

“పెద్దాయనా, పరాచికాలొద్దు. డ్యూటీ మీద వచ్చాను. కరుస్తుందా?”

“పళ్ళు లేవు బాబూ.”

“ఎవరికి?”

“నాకే.”

అమ్మకు విసుగొచ్చింది. “ఈయనతో ఎందుకు బాబూ, ఇదిగో మీ మొసలి” అంటూ అటక మీంచి తోలు లాగి ఆయన కాళ్ళ దగ్గర పడేసింది. ఇన్‌స్పెక్టరు కర్రతో పొడిచి చూశారు. దుమ్ము లేచింది, దూది రాలింది. అయినా ఆయన నమ్మకం కుదరనట్టే నిలబడ్డారు. అప్పుడు నాన్న మంచం దిగి, నేల మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి, ఆయన వంక చూశారు. అంతే. తోలు కూడా తొడుక్కోలేదు. ఇన్‌స్పెక్టరు కర్ర పారేసి బల్ల ఎక్కేశారు.

దిగాక మాత్రం నాన్న చేతులు పట్టుకుని వదల్లేదు. చిన్నప్పుడు ఆ సినిమా చూసిన దగ్గర్నుంచి ఇప్పటికీ నీళ్ళ తొట్టిలో దిగరట, చెంబుతోనే స్నానమట. “ఈ చూపు కోసమే నేను జంతువుల ఉద్యోగంలో చేరాను సార్” అన్నారు. నాన్నను ‘సార్’ అని పిలవడం నేను మొదటిసారి విన్నాను.

ఆయన రిపోర్టు మీకు చేరే ఉంటుంది. అందులో ‘జంతువు: మనిషి’ అని స్పష్టంగా రాశారు. ఇకనైనా వాక్యం మార్చండి. నేను మీకు రాస్తున్న సంగతి నాన్నకు చెప్పలేదు. కంపెనీ నుంచి ఎవరో అభిమాని చూడ్డానికి వచ్చారనుకుంటున్నారు. మీ జవాబు రాగానే అందరి ముందూ చదివి వినిపించాలని నా కోరిక.

ఓపిక నశించిన,
పరుపులాయన కూతురు

తా.క. బల్ల కాలు విరిగింది. ఇది ఫిర్యాదు కాదు, తెలియజేస్తున్నానంతే.

*

కుమారి గారికి,

క్షమించండి. ఈ విభాగంలో మనిషి గురించి ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. నాకు అలవాటు లేదు.

మీరు కోరినట్టే రెండో ముద్రణలో ‘ఇందులోనిది నిజమైన మొసలి కాదు, లోపల ఉన్నది పరుపులు కుట్టే ఒక పెద్దమనిషి’ అని వేస్తున్నాము. ఇరవై ఒకటో తేదీన అచ్చుకు వెళుతుంది. విడుదల రోజున జరిగే సభకు మీ నాన్నగారిని ముఖ్య అతిథిగా ఆహ్వానిస్తున్నాము. మొసలి వస్తుందనుకుని సభలో బోను పెట్టమన్న నా పాత ఆదేశం రద్దు చేశాను.

తలవంచి,
జంతు విభాగం అధికారి

తా.క. దిండు ఇంకా ఉంటే పంపగలరు. పెద్దబ్బాయికి.

*

అధికారి గారికి,

నమస్కారం. అచ్చు ఆపండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరం రాగానే అమ్మను, మామయ్యను, పక్కింటివాళ్ళను కూర్చోబెట్టి చదివాను. ‘నిజమైన మొసలి కాదు’ అన్న దగ్గర నా గొంతు కొంచెం గర్వంగానే పలికింది. తల ఎత్తి చూద్దును కదా, నాన్న ముఖం మాడిపోయి ఉంది.

“ఎవరు రాయమన్నారు నిన్ను?” అన్నారు.

“మీ కోసమే నాన్నా! మామయ్య అందరి ముందూ అలా అంటుంటే...”

“మీ మామయ్య అనకపోతే ఇంకెవరంటారే? వాడు నమ్మలేదంటేనే కదా నేను బాగా చేసినట్టు! ఇన్నేళ్ళ తర్వాత సినిమా కంపెనీవాళ్ళే నన్ను మొసలి అనుకుని అచ్చేశారు. ఏ నటుడికి దక్కిందే ఇది? ఆ ఒక్క ముక్క చదివించుకుని చదివించుకుని ఎంత సంతోషపడ్డానో! చదువుకున్నదానివి, నన్నొక్క మాట అడగొచ్చుగా!”

మరి కళ్ళలో నీళ్ళెందుకని అడిగాను. “సంతోషమొస్తే రావా?” అన్నారు. మరి పెట్టె తలగడ కింద ఎందుకని అడిగాను. “ఇంకెక్కడ పెట్టుకోను? గోడంతా నీ బహుమతే ఉందిగా” అన్నారు.

అప్పుడు మామయ్య మెల్లిగా లేచాడు. అక్కడ మొసలి లేదు కాబట్టి మంచినీళ్ళకు కాదని తెలుస్తూనే ఉంది. నాన్న ఎదుట నిలబడి, “బావా, నువ్వు కాదు, ఒట్టు. ఆ చూపు మనిషిది కాదు. నేనిప్పటికీ నమ్మను” అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. నన్ను ఎవరూ తినమని కూడా పిలవలేదు.

కాబట్టి అయ్యా, నిజం కోసం ఇన్ని ఉత్తరాలు రాసిన నేనే ఇప్పుడు నా బహుమతి చేతిరాతతో ప్రాధేయపడుతున్నాను. కొత్త వాక్యం వేయకండి. పాతదే అచ్చేయలేకపోతే కనీసం ఏమీ వేయకుండా వదిలేయండి, జనం ఏమనుకోవాలో వాళ్ళే అనుకుంటారు.

తల బొప్పి కట్టిన,
మొసలి కూతురు

తా.క. సభకు నాన్న వస్తారు. మనిషిగా మాత్రం రానంటున్నారు. బోను మళ్ళీ పెట్టించండి, ముందు ‘దగ్గరకు రావద్దు’ అన్న బోర్డు కూడా ఉండాలట. అమ్మ తోక తిరిగి కుడుతోంది, దూది చాలడం లేదు. నిన్న పెద్దబ్బాయికి పంపిన దిండు వెనక్కి పంపండి. అచ్చు ఆపుతున్నట్టు ఒక ముక్క, దిండు, రెండూ ఇరవయ్యో తేదీలోగా మాకు చేరాలి.