సీసా మీద చీటీ

నీ సంవత్సరీకం అయిన వారానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. క్యాంపస్ రోడ్డు మీద పడిపోయావని అప్పుడు నీకు పోస్టుమార్టం చేశారు కదా, నీ గుండెను అక్కడే ఉంచుకున్నారట. మనకెవరూ చెప్పలేదు. నిన్ను మొత్తం సాగనంపామనే నేను అనుకున్నాను.

మీ అన్న తోడొచ్చాడు గానీ సీసాల్లో పోసే మందు వాసనకు గుమ్మంలోనే ఆగిపోయాడు. నాకది నీ చొక్కా వాసన. సాయంత్రం కాలేజీ ల్యాబు నుంచి తార్నాక దాకా నడిచొచ్చి నువ్వు తలుపు తీస్తే గదంతా నిండే వాసన. కాసేపు నువ్వు వచ్చావనే అనుకున్నాను.

డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది. "చెప్పకుండ ఉంచుకున్నం, తప్పు మాదేనమ్మ. తీస్కపోతవా, ఈడ డాక్టరు చదివే పిల్లల కోసం ఉంచమంటవా?"

నీ గుండె ఉన్న సీసా మీద నంబరు ఒక్కటే ఉంది. "పేరు లేని సీసా పోరగాళ్ళకు ఏం చెప్తదే" అంటూ నువ్వు ఇంట్లో కూర్చుని ల్యాబు నుంచి తెచ్చిన కప్పల సీసాలకు, పాముల సీసాలకు చీటీలు రాసేవాడివి. నేను జిగురు పూసేదాన్ని.

"ఉంచుండ్రి. చీటీ నేను రాస్త" అన్నాను.

"మీ ఆయన పేరేంది?"

ఎవరడిగినా ఇన్నాళ్ళూ మీ అన్నే చెప్పాడు. నీ పేరు పలికితే నీ ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి పంపింది. ఇప్పుడూ నోరు రాలేదు. కలం తీసుకుని, నీలాగే నెమ్మదిగా రాశాను: నర్సింలు.

జిగురు పూసి సీసాకు అంటించి, వేలితో అదిమిపట్టాను. ఆరేదాకా వేలు తీయొద్దని నువ్వే నేర్పావు. ఆరింది. అయినా చాలాసేపు తీయలేదు.