ఒకే ఒక్క బటన్

సోమవారం, ఉదయం 8.10
మలేషియాలోని ఈ పెనాంగ్ ఫ్యాక్టరీలో నాకో సొంత పని! రోగులకు మందు ఎక్కించే పంపులను పరీక్షించే సాఫ్ట్‌వేర్ తెరను మార్చాలి. పాత తెరమీద నలభై ఒక్క బటన్లు. ఛీ!
శపథం: కొత్త తెరమీద ఒకే ఒక్క బటన్. ‘మొదలుపెట్టు’. రెండోది పెడితే టీ మానేస్తాను.

10.30
సల్బియా అక్కకి చూపించాను. పదకొండేళ్ళుగా పంపులు పరీక్షిస్తోంది. పంపుకి పన్నెండు నిమిషాలు దాటకూడదని రూలు. అక్కవి రోజూ రెండు దాటుతున్నాయి. ఈ శుక్రవారం ఒక్కటి దాటినా అక్కని ఈ సీటు నుంచి తీసి ప్యాకింగ్‌ పనికి పంపేస్తారట.
“కళ్ళు మూసుకుని చెయ్యొచ్చక్కా!” అన్నాను.
“నేను కళ్ళు మూసుకుంటే అక్కడ రోగి కళ్ళు మూస్తాడయ్యా,” అంది.

మంగళవారం, 9.00
క్వాలిటీ దురైరాజ్ గారు ఊడిపడ్డారు. “సంతకం బటన్ ఏదీ? ఆడిట్‌కి నువ్వు సమాధానం చెప్తావా?”
పెట్టాను. సంతకం లెక్కలోకి రాదు. టీ తాగాను.

బుధవారం
మేనేజర్ ఖూ మేడమ్‌కి ఫోటో, ప్రింటు, రిపోర్టు బటన్లు కావాలట. దురైరాజ్ గారికి ఇంకో నాలుగు. అన్నిటినీ గుండ్రంగా చేశాను. గుండ్రంగా ఉంటే అవి చుక్కలు, బటన్లు కావు! రెండు టీలు.

గురువారం, 11.00
పొద్దున్నే ఇద్దరూ కలిసి ఇంకో పది పెట్టించారు. మొత్తం పంతొమ్మిది బటన్లు!! ఏది నొక్కాలో తెలీక అక్కవి ఐదు పంపులు టైము దాటాయి. పాత తెరే నయం. నా మొహం మండ!

1.20
మొదటిసారి అక్క పక్కన కూర్చున్నాను. సిగ్గుచేటు, నాలుగు రోజులకి!
అందరికన్నా పొడవైన పరీక్ష అక్కదే, తొమ్మిది నిమిషాలు. సగంలో ఉండగా ఒకావిడ వచ్చి, “చోటు ఖాళీ అయింది, రా,” అంది. నమాజు గదిలో ఆరుగురే పడతారు. వంతు వచ్చినప్పుడే వెళ్ళాలి. అక్క లేచి వెళ్ళింది. తెరమీద గడియారం మాత్రం ఆగలేదు. షిఫ్టులో రెండు నమాజులు; రోజూ దాటే రెండు పంపులూ ఇవే!
“మేడమ్‌కి చెప్పొచ్చుగా అక్కా!”
“దేవుడి వల్ల ఆలస్యమైందని ఎలా చెప్పమంటావు తమ్ముడూ?”

శుక్రవారం, ఉదయం 7.00
పెద్దవాళ్ళ బటన్లన్నీ పెద్దవాళ్ళ తెరకే పంపేశాను. దురైరాజ్ గారు గొణిగి ఒప్పుకున్నారు. అక్క తెరమీద రెండే: ‘మొదలుపెట్టు’, ‘వెళ్ళొస్తా’. రెండోది నొక్కితే పరీక్షా ఆగుతుంది, గడియారమూ ఆగుతుంది.

5.30
ఒక్క పంపు కూడా దాటలేదు! సీటు నిలిచింది! నేను గెంతుతుంటే అక్క కళ్ళు తుడుచుకుంది. “ఎన్నాళ్ళకో ఇవాళ పరుగు లేకుండా నమాజు చేసుకున్నా తమ్ముడూ.”
నాకూ ఏడుపొచ్చింది. మూడు టీలు.

సోమవారం, 8.10
కొత్త శపథం: బటన్లు రెండే. మూడోది చచ్చినా పెట్టను. పెడితే టీ బంద్!

8.40
సల్బియా అక్క ఇద్దరు అక్కలను వెంటేసుకొచ్చింది. “తమ్ముడూ, వీళ్ళ పక్కన కూడా కాస్త కూర్చో.”
కూర్చున్నాను. శపథం రేపటినుంచి.