మూడో గేరు నిలవడం లేదు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ రోజు నా ట్రాలీ బండి మూడో గేరు దానంతట అదే బయటికి వచ్చేసింది. రైల్వే బ్రిడ్జి దిగుడులో. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానో లేదో, గేరు రాడ్ టక్కున వెనక్కి కొట్టుకుంది. బండి న్యూట్రల్‌లో పడింది. వెనక మిర్చి ఏరే ఆడవాళ్లు. వాళ్లలో పద్మ. నా భార్య అక్కడ ఎవరి మాటకో పకపకా నవ్వుతోంది, ఇక్కడ నా పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు తొక్కాను. ఆగింది. ఆగకపోతే... అది రాయను.

ఆడవాళ్లను కూడగట్టి చేన్లకు తెచ్చే మల్లమ్మక్క వెనకనుంచి అద్దం కొట్టింది. "ఏంది తమ్మీ, బండి గట్ల ఊగింది?"

గుంత అన్నాను. గుంత ఎక్కడిది! కొత్తగా వేసిన రోడ్డు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మళ్లీ అదే. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ. కేసముద్రం దాకా దిగుడు కనిపిస్తే చాలు, ఎడమ చేత్తో రాడ్‌ను ముందుకు అదిమి పట్టుకుంటున్నాను. ఒంటిచేత్తో స్టీరింగ్. 

మామయ్యకు చెప్పాను. పద్మ వాళ్ల నాన్న బతుకంతా లారీ నడిపిన మనిషి. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి స్టీరింగ్ ముట్టకుండా మా దగ్గరే ఉంటున్నాడు. కన్ను ఇంకా సరిగా ఆనదు. నోరు మాత్రం టాప్ గేరే.

"సప్పుడు చేస్తలేదు గదా అల్లుడా! సప్పుడు లేని బండికి రోగమేంది?"

నిజమే. పోయిన నెలంతా గేరుబాక్స్ ఒకటే ఏడుపు. నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో చెల్లెలి కొడుకు పుట్టువెంట్రుకలకు పోయి వచ్చేసరికి చప్పుడు బంద్. "జర ఆయిల్ పోసిన" అన్నాడు మామయ్య, మీసం దువ్వుకుంటూ. పద్మ ఎంత సంబరపడిందో. ఆ ఏడుపంటే తనకు చచ్చేంత భయం. వాళ్ల నాన్న ఏది ముడితే అది బాగుపడుతుందని నమ్మకం కూడా. నేనూ నమ్మాను. మరి ఇప్పుడీ గేరు ఎందుకు నిలవడం లేదు?

ఫిబ్రవరి 11, బుధవారం

అన్నం సహించలేదు. "కడుపుల బాగలేదా?" అంది పద్మ. కడుపులో బాగానే ఉంది. బండి కడుపులోనే బాగలేదు. పైకి అనలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

హనుమకొండలో మెకానిక్ ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ముందు గేరు ఆయిల్ దించి చూడమన్నాడు. "పైన నింపే బోల్టు ఊడుతదో లేదో ఫస్ట్ చూస్కో. అది ఊడినంకనే కింది బోల్టు ముట్టు. ఉన్న ఆయిల్ దించి, కొత్తది పోసే తొవ్వ లేకుంటే బండి ఆడనే కూసుంటది."

ఆదివారం శివరాత్రి. కూలికి పోరు. ఆ రోజే చేస్తాను. అంతదాకా మెల్లగా... ప్రాణం అరచేతిలో పెట్టుకుని అంటారే, అలా.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఊరి చివరిదాకా పోయి వచ్చాను, ఆయిల్ వేడెక్కితే సులువుగా దిగుతుందని. చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి కిందికి దూరాను. పద్మ ఒక్కపొద్దు, గుడికి పోయింది. మామయ్య మంచం బండి దగ్గరికే లాక్కుని కూర్చున్నాడు. "ఎందుకిప్పుడు దాన్ని కెలుకుడు?" ఇదొకటే పాట.

పైబోల్టు మొండికేసింది. పానాకు ఇనుప పైపు తగిలించి లాగితే కిర్రుమని కదిలింది. అప్పుడు కిందిది తిప్పాను. కోసిన డబ్బా పట్టుకుని, వేడి ఆయిల్ జర్రున కారుతుందని ముఖం పక్కకు తిప్పుకున్నాను. కారలేదు. ముద్దలు ముద్దలుగా జారింది, అడుగంటిన జొన్న గట్కలాగా. వేళ్ల మధ్య నలిపి చూశాను. ఆయిల్ కాదు. పొట్టు. కట్టె కోసిన పొట్టు.

బోల్టుకు అయస్కాంతం ఉంటుంది, ఇనుప రజను పట్టుకోవడానికి. దాని మీద బురదలాగా పేరుకుంది. తుడిస్తే మధ్యలో ఒక ముక్క. చింతగింజంత ఉంది. విరిగిన గేరు పన్ను.

కిందే పడుకుని ఉండిపోయాను. ఇన్ని రోజులుగా పద్మను దీని మీదే తిప్పాను. పద్మను, మల్లమ్మక్కను, అందరినీ.

"మామా, ఇండ్ల ఏం పోసినవ్?"

మామయ్య మంచం దిగి వచ్చి బండి పక్కన కూలబడ్డాడు. "కట్టె పొట్టు అల్లుడా. గిరీసుల కలిపి కుక్కిన. మా కాలంల డ్రైవర్లందరం చేసెటోళ్లం. సప్పుడు బంద్ అయితది. పిల్ల భయపడతాందని చేసిన. ఇంకేం లేదు."

తిట్టాలనిపించింది. చెడగొట్టాలని చేశాడా? బిడ్డ మీద ప్రేమతో చేశాడు. కానీ ఇది బాగు చెయ్యడమా? అరిచే నోట్లో గుడ్డ కుక్కడం. లోపల పండ్లు విరుగుతుంటే నేను హాయిగా పాటలు పెట్టుకుని నడిపాను.

పాత ఆయిల్‌తో ఒకసారి కడిగాను. ఖాదర్ భాయ్ చెప్పిన గ్రేడు కొత్త ఆయిల్ గొట్టంతో పోశాను, పైరంధ్రం నుంచి సన్నగా కారేదాకా. కొత్త వాషర్లు వేసి బోల్టులు బిగించాను. స్టార్ట్ చేసి కదిలించగానే ఏడుపు మళ్లీ మొదలైంది. ముందుకంటే పెద్దగా.

పద్మ గుడి నుంచి రాకముందే మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లకు చెప్పకు అల్లుడా. నీ కాల్మొక్త." అంత పెద్దమనిషి. సరేనన్నాను. అప్పటినుంచి మింగలేక కక్కలేక ఉన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

కూలీలను మల్లమ్మక్క మరిది ట్రాక్టర్ మీద పంపి, ఖాళీ బండితో రెండో గేరు దాటకుండా ఖాదర్ భాయ్ దగ్గరికి పోయాను. పన్ను ముక్క చూసి నవ్వడం మానేశాడు. "మనుషులను ఎక్కియ్యకు. ఇంకో పన్ను ఊడి అడ్డం పడ్డదంటే గేర్లు అట్లనే పట్టేస్తయ్. పోయే బండి పోయినట్టే అడ్డం తిరుగుతది. బాక్స్ దించాలె."

షెడ్డులో జాగా లేదు, బుధవారం తెమ్మన్నాడు. అలాగే మెల్లగా ఇంటికి తెచ్చుకున్నాను.

సాయంత్రం మల్లమ్మక్క వచ్చింది. ట్రాక్టర్ రేపు దొరకదట. "కాయ పండి రాలుతాంది తమ్మీ. రేపు మేం పోకుంటే ఆసామి ఇంకో గుంపును పెట్టుకుంటడు. ఒక్కరోజు మెల్లగ తోలరాదు?"

బండి బాగలేదక్కా అన్నాను. "ఏమైంది?" అంది. పద్మ గడపలో నిలబడి వింటోంది. మామయ్య నన్నే చూస్తున్నాడు. ఆయిల్ మార్చాను, ఇంకా కుదురుకోవాలి అన్నాను. ఎంత మెత్తటి మాట అన్నానో! ఆయిల్ మార్చిన బండికి భయపడేవాళ్లు ఎవరుంటారు?

ఫిబ్రవరి 17, మంగళవారం

ఖాదర్ భాయ్ షెడ్డు. చేతులు ఊరికే ఉండలేక సంచిలోంచి ఈ పుస్తకం తీసి రాస్తున్నాను.

పొద్దున్నే బస్సెక్కి వచ్చాను, కొత్త గేరు దొరుకుతుందేమో ఇతనితో పాటు షాపులు తిరగాలని. తాళం వెంట తెచ్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇప్పుడే పక్కింటి లక్ష్మి ఫోన్. "అన్నా, మీ మామ బండి తీసిండు. అందరిని ఎక్కించుకొని పోయిండు. అల్లుడు ఉత్తగనే భయపడతాండు, ఆయిల్ మార్చినంక ఫికరేందని అన్నడు. వదినె ముందట కూసున్నది."

ముందట. వాళ్ల నాన్న పక్కన.

మామయ్యకు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగింది. పద్మ ఫోన్ ఇంట్లోనే మోగుతోందని లక్ష్మి చెప్పింది. ఖాదర్ భాయ్ పక్క షెడ్డులో బైకు అడగడానికి ఉరికాడు.

మల్లమ్మక్క ఎత్తింది. గాలి, నవ్వులు, బండి ఏడుపు. "మంచిగనే పోతానం తమ్మీ! మీ మామ ఎట్ల తోలుతాండో సూడాలె, పడుసుపోరని లెక్క!"

"అక్కా, ఆపమను. అందరు దిగుండ్రి."

"ఏంది? ఇనస్తలేదు..."

అప్పుడు అరిచాను. గేరు పన్ను విరిగిందని, మామయ్య పొట్టు పోశాడని, మనుషులను ఎక్కించొద్దన్నారని, పద్మను దించమని. అన్నీ ఒక్క గుక్కలో. షెడ్డులో అందరూ పని ఆపి నన్నే చూశారు. చెవి దగ్గరి నుంచి ఫోన్ తీసి చూస్తే, ఎప్పుడో కట్ అయి ఉంది.

మళ్లీ చేస్తున్నాను. ఎత్తడం లేదు.