మాత్ర దిగిపోయే వేళకు వచ్చిన అన్నయ్యకు

అన్నయ్యకు,

నువ్వు కులాసాగానే ఉండుంటావు. ఊరికే సలహాలిచ్చేవాళ్లకు ఏ రోగమూ రాదు.

ధ్యాస నిలవడానికి నేను పొద్దున వేసుకునే మాత్ర ప్రభావం సాయంత్రానికి దిగిపోతుందని నీకు ఎప్పుడో చెప్పాను. దర్జీ దుకాణంలో మిషను ఆపి ఇంటికి వచ్చేసరికి తల దిమ్మెక్కిపోతుంది, చెంచా కింద పడినా ఏడుపొస్తుంది. అందుకే మా ఆయన ముందే అన్నం వడ్డించి ఉంచుతాడు, పిల్ల టీవీ కట్టేస్తుంది. వంటింట్లో లైటు వెయ్యకుండా కాసేపు కూర్చుని తింటాను. అప్పుడు మళ్లీ మనిషినవుతాను.

నిన్న సరిగ్గా ఆ కాసేపట్లోనే నువ్వు ఊడిపడ్డావు. లైటు వేశావు, టీవీ పెట్టావు, కాఫీ అడిగావు, పిల్ల మార్కుల మీద క్లాసు పీకావు. నేను అరిచాను.

"చూశావా బావా, ఆ మందే దీని బుర్ర పాడుచేసింది!" అని మాత్రల అట్ట చెత్తబుట్టలో పడేసి, మమ్మల్నేదో ఉద్ధరించినట్టు వెళ్లిపోయావు.

మందు దిగిపోయింది కాబట్టే అరిచాను. ఆ సంగతి తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, నోరు మూసుకుని ఒక్క నిమిషం వింటే చాలు. అది నీ వల్ల అయ్యే పని కాదులే.

ఇకమీదట వస్తే పొద్దున రా. లేదంటే అసలు రాకు.

పాపం, మాత్ర దిగాక రాసుంటుందిలే అని సరిపెట్టుకోకు. చెత్తలోంచి అట్ట తీసి తుడుచుకుని, పొద్దున్నే మాత్ర వేసుకుని, బుర్ర బాగా పనిచేస్తున్నప్పుడే ప్రతి మాటా నిదానంగా ఆలోచించి రాశాను.

నీ చెల్లెలు