ఎడమ చెవి దగ్గర ఫోను

నర్సమ్మగారికి నమస్కారం.

పండగ రోజు మీ వార్డులో కిటికీ పక్క మంచం మీదున్న పెద్దావిడ మా అమ్మ. లాక్‌డౌన్‌లో ఆస్పత్రికి ఎవరినీ రానివ్వరు కాబట్టి, ఇంట్లోనే కొత్తబట్టలు కట్టుకుని మీకు ఫోను చేశాం. "కుడి చెవి వినపడదు, ఎడమ చెవి దగ్గర పెట్టండి" అని మిమ్మల్ని సతాయించింది నేనే.

"పెట్టానమ్మా, వింటున్నారు. మాట్లాడండి" అన్నారు మీరు.

పిల్లలు పాట పాడారు. కటింగ్ షాపు మూతపడి ఇంట్లో కూర్చున్న మా నాన్న, "ఏమే, ఊరందరికీ గీసేవాణ్ణి, నా గడ్డం ఎలా మాసిందో! నువ్వొస్తేగానీ తియ్యను. పండగపూట కూడా అలకేనా?" అని బతిమాలాడు. ఇరవై నిమిషాలు మీరు ఫోను పెట్టెయ్యలేదు. సాయంత్రం కబురొచ్చింది.

నిన్న ఆస్పత్రి కాగితం చేతికందింది. అమ్మ పోయింది ఉదయం పదింటికట. మేం ఫోను చేసింది పదకొండింటికి.

ముందు ఒళ్లు మండింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను. మీకు దణ్ణం పెట్టాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కాగితం నాన్నకి చూపించలేదు. మాసిన గడ్డం నిమురుకుంటూ, ఫోను చేసిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు: "నలభై ఏళ్లలో మా ఆవిడ నా మాట ఎదురు చెప్పకుండా విన్నది ఆ ఒక్కరోజే."

ఆవిడ కూతురు